కదలని చేతిని లోపలి నుంచి కదిలించడం

మెదడు కుడివైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి నాకు పక్షవాతం వచ్చింది. పడిపోయింది ఎడమ చేయి. రెండు నెలల ఫిజియోథెరపీతో భుజం, మోచేయి కాస్త దారికొచ్చాయి గానీ మణికట్టు, వేళ్లు మొండికేశాయి. అప్పటి నుంచి వ్యాయామాలకు తోడుగా చేసిన మానసిక సాధన, అంటే కదలికను మనసులో ఊహించుకోవడం గురించే ఇక్కడ రాస్తున్నాను.

చచ్చిన నాడీకణాలు తిరిగి రావు. చుట్టుపక్కల బతికున్నవి వాటి పనిలో కొంత తలకెత్తుకుంటాయి, అదీ పదేపదే పని చెబితేనే. కదలని చేతికి పని చెప్పేదెలా? 1995లో నాడీశాస్త్రవేత్త అల్వారో పాస్కువల్-లియోన్ బృందం ప్రచురించిన పియానో ప్రయోగంలో దీనికి కొంత జవాబుంది. రోజుకు 2 గంటల చొప్పున 5 రోజులు వేళ్లు కదపకుండా మనసులోనే వాయించినవారి మెదడులో కూడా ఆ వేళ్లను నడిపే ప్రాంతం విస్తరించింది. నేర్పు మాత్రం నిజంగా వాయించినవారికే ఎక్కువ వచ్చింది. అందుకే ఊహ ఒక్కటే చాలదు, వెంటనే చేయి కూడా ప్రయత్నించాలి.

నా పద్ధతి ఇది. వ్యాయామం ముగిశాక చేతిని దిండు మీద ఆనించి, అరచేయి పక్కకు ఉండేలా పెట్టేవాణ్ణి. ముందు కుడిచేత్తో గ్లాసును నిజంగా పట్టుకోవాలి: వేళ్లు తెరవడం, బొటనవేలు పక్కకు జరగడం, చల్లదనం తగలడం, బరువు మణికట్టు మీద పడటం. 5 సార్లు. తర్వాత కళ్లు మూసుకుని అదే పనిని ఎడమ చేయి చేస్తున్నట్టు 10 సార్లు. ఆ వెంటనే ఎడమ చేత్తో 5 నిజమైన ప్రయత్నాలు, వేలు చిటికెడు కదిలినా సరే. మొత్తం 20 నిమిషాలు, ఒక పూటకు ఒకే పని. గ్లాసు, తలుపు గడియ, చొక్కా గుండీ అన్నీ ఒకే పూట కలిపితే ఏదీ నిలవదు.

మొదటి మూడు వారాలు నేను చేసిన తప్పు, చేతిని సినిమా చూసినట్టు బయటి నుంచి చూడటం. చేయి బాగానే కనిపించేది, కండరంలో మాత్రం ఏమీ తెలిసేది కాదు. భుజం వెనక నుంచి కాదు, సొంత కళ్లతో కిందికి చూస్తున్నట్టు ఊహించాలి. చూపు కంటే స్పర్శ ముఖ్యం. రెండో తప్పు తొందర. కుడిచేతికి 4 సెకన్లు పట్టే పనిని మనసులో 2 సెకన్లలో ముగించానంటే, నడుమ ఏదో మింగేశానన్నమాట. స్టాప్‌వాచ్ పెట్టుకుంటే ఇది ఇట్టే పట్టుబడుతుంది. దెబ్బతిన్న చేతిని ఊహించుకుంటే సమయం ఇంకా ఎక్కువే పట్టవచ్చు, అది తప్పు కాదు. మూడోది పట్టుదల: గట్టిగా ఊహిస్తే వేళ్లు ఇంకా ముడుచుకుపోయేవి. బిగుతు మొదలైతే ఆపి, వేళ్లను నెమ్మదిగా తెరిచి, రెండు నిమిషాలు ఆగాలి. మెదడులో పెరైటల్ భాగం (శరీరం ఎక్కడ ఎలా ఉందో గ్రహించే పైభాగం) దెబ్బతిన్నవారికి ఈ ఊహే సరిగా కుదరకపోవచ్చు, అది సోమరితనం కాదు. వాళ్లు ఏ దారి పట్టాలో ఫిజియోథెరపిస్టే చెప్పాలి.

ధ్యానం అవసరం ఇక్కడే వచ్చింది. పక్షవాతం తర్వాత ధ్యాస అయిదో సారికే జారిపోతుంది. ఊహకు ముందు 10 నిమిషాలు శ్వాసను 1 నుంచి 10 వరకు లెక్కపెట్టేవాణ్ణి. లెక్క తప్పితే మళ్లీ 1 నుంచి. లెక్క తప్పిందని గమనించడమే ఆ సాధన. పడుకుని చేస్తే నిద్ర వచ్చేస్తుంది, కూర్చోవాలి.

ధ్యానం మెదడు ఆకారాన్నే మార్చేస్తుందన్న మాటను మాత్రం నేను జాగ్రత్తగా తీసుకుంటాను. 8 వారాల ధ్యాన శిక్షణతో హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగంలో) బూడిద పదార్థం, అంటే నాడీకణాలు దట్టంగా ఉండే కణజాలం, పెరిగిందని 2011లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. 200 మందికి పైగా పాల్గొన్న 2022 అధ్యయనంలో అలాంటి నిర్మాణపు మార్పే కనిపించలేదు. నాకు ధ్యానం ఇచ్చింది అయిదో సారిని పదో సారిదాకా సాగించే ఓపిక.

నాలుగో నెలకు చూపుడువేలు, బొటనవేలు కలిశాయి. ఆరో నెలకు ఖాళీ గ్లాసు లేచింది. నిండు గ్లాసు ఇప్పటికీ ఒలుకుతుంది, గుండీ పెట్టుకోవడానికి కుడిచేయి సాయం పట్టాలి. పూటకు 20 నిమిషాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, ఇప్పుడు సాధన గుండీ మీద.