చర్చి ఆడవాళ్ల కారం మిల్లుకు లోను: కులం గడి దగ్గర ఇరుక్కున్న వైనం – నా అనుభవం

మంజూరు పత్రం మొన్ననే వచ్చింది. కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను, ఒంగోలు, కందుకూరు వైపు సంఘాల్లో ఇలాంటి ప్రయత్నం చేసేవాళ్లకు పనికొస్తుందని.

మా స్త్రీల సమాజంలో ఎక్కువమంది పొగాకు గ్రేడింగ్‌కు పోయేవాళ్లు. పొగాకు మీద బతకడం దేవుడి బిడ్డలకు తగదని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. మిర్చి చేతికందే దూరంలో ఉంది కాబట్టి కారం, పసుపు, సాంబారు పొడి ఆడించి ప్యాకెట్లు కట్టి అమ్మాలని నిర్ణయం. ఒకామె పేరు మీద యూనిట్, మిగతావాళ్లకు అందులో పని. "సంఘానికి వ్యాపారం ఎందుకయ్యా" అన్న పెద్దలకు ఒకటే చెప్పాను. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ మన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బోధ ఒక చేత్తో, పలుగు ఇంకో చేత్తో. ఆ మాటతో నోళ్లు మూతపడ్డాయి.

పథకం పీఎంఈజీపీ, అంటే సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం. ఎనిమిది లక్షల ప్రాజెక్టు అనుకోండి. పల్లెలో మహిళ పెడితే సొంత వాటా 5 శాతం, అంటే 40,000. మిగతా 7,60,000 బ్యాంకు ఇస్తుంది. సబ్సిడీ 35 శాతం, అంటే 2,80,000. తయారీ యూనిట్ పది లక్షల లోపు ఉంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న షరతు లేదు. స్థలం ఖరీదు ప్రాజెక్టులో కలపడానికి లేదు. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. సొంత వాటా పొదుపు డబ్బులోంచి పెట్టుకోండి. సంఘానికి విదేశీ విరాళం వస్తుంటే అందులో రూపాయి కూడా ఇటు తిప్పకండి. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏలో 2020 సవరణ తర్వాత అది పెద్ద చిక్కు.

చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్ ఉంటే పది నిమిషాల పని. నెట్ సెంటర్ వాళ్లు వందలు గుంజుతారు, ఇవ్వకండి. తినే సరుకు అమ్మేవాళ్లకు కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ కూడా కష్టమేం కాదు. పంచాయతీ కార్యదర్శి దగ్గర గ్రామీణ ప్రాంతమని ధ్రువపత్రం తీసుకుంటే ఆ మెట్టు అయిపోయింది.

అసలు నరకం దరఖాస్తులోని కులం గడి.

యూనిట్ ఎవరి పేరు మీదో ఆమె ఫైలు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే అక్కడి పెద్దమనిషి పేరు చూశాడు, మెడలో సిలువ చూశాడు. "ఏమ్మా, ఆదివారం ప్రార్థనకెళ్తావు గదా, ఎస్సీ సర్టిఫికెట్ ఎట్టా తెస్తావు?" అని నలుగురిలో అడిగాడు. ఆమె ఇంకా కాగితమే తీయలేదు. ఎస్సీ అని రాయనూ లేదు. "పోనీ బీసీ-సీ తే, తెస్తేనే ఫైలు" అని బల్ల చివరికి నెట్టేశాడు. కూలి మానుకుని వచ్చిన మనిషి తల దించుకుని నిలబడింది.

ఇందులో ముడి ఏమిటంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీ కాగితం పెడితే రేపు ఎవడో ఫిర్యాదు చేస్తాడు, 1993 కుల ధ్రువపత్రాల చట్టం కింద కేసు. బీసీ-సీ తీసుకుందామంటే పిల్లల చదువుల సంగతేమిటని ఇంట్లో భయం. తల్లి బీసీ-సీ కాగితం చూపించి పిల్లల ఎస్సీ కాగితం రద్దు చేస్తారేమోనని. ఈ భయంతోనే మా వైపు ఎంతోమంది లోను జోలికే పోరు.

నేను మార్గదర్శకాలు ప్రింటు తీసి కూర్చున్నాను. ఎక్కువ సబ్సిడీ వచ్చే ప్రత్యేక వర్గంలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీలు, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులు అందరూ ఉన్నారు. వీటిలో ఏదో ఒకటి చాలు. ఆడమనిషి అయితే 35 శాతం అక్కడికక్కడే వచ్చేసింది. పైన ఇంకో కులం కాగితం పెట్టినా అర శాతం పెరగదు. కాగితాల పట్టికలో కుల ధ్రువపత్రం ఉన్నది ఆ వర్గం కింద అడిగేవాళ్ల కోసం. గుమాస్తా మాత్రం పట్టికలో ఉంది కాబట్టి అందరూ తేవాల్సిందే అంటాడు.

కాబట్టి కులం వర్గం కింద ఏ రాయితీ కోరకండి, మహిళ అన్న అర్హత మీదే అడగండి. పట్టుబడితే మార్గదర్శకాల ఆ పేజీ జత చేసి, "ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వండి సార్" అని అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి. రాతపూర్వకంగా అడిగేసరికి మా ఫైలు కదిలింది. నోటితో వాదిస్తే రోజంతా నవ్వుతూనే ఉంటారు. మగవాళ్లు దరఖాస్తు చేస్తే ఈ దారి లేదు. మైనారిటీ కింద అడగాలి, అప్పుడు తాను క్రైస్తవుడినని కాగితం మీద ఒప్పుకోవాలి. ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకున్నాకే సంతకం పెట్టాలి. పాస్టరుగారు సిఫారసు లేఖ ఇస్తానంటే మర్యాదగా వద్దనండి, బ్యాంకులో దానికి విలువ లేదు.

చర్చి హాలు ఖాళీగా ఉంది గదా, అందులో మర పెడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. మానుకోండి. ఆస్తి సొసైటీ పేరునో ట్రస్టు పేరునో ఉంటుంది, పాస్టరు సంతకంతో లీజు చెల్లదు, కమిటీ తీర్మానం కావాలి. ఏడాది దాటిన లీజయితే రిజిస్టర్ చేయించాలి. ప్రార్థనా మందిరానికిచ్చిన కరెంటు కనెక్షన్ మీద పల్వరైజర్ (పొడి ఆడించే మర) తిప్పితే విద్యుత్ వాళ్లు దుర్వినియోగం కింద జరిమానా వేస్తారు. అయిదు హెచ్‌పీ మోటారుకు త్రీ ఫేజ్ సర్వీసు వేరుగా తీసుకోవాల్సిందే. పైగా మిరప ఘాటు గోడలకు పడితే ఆదివారం ఆరాధనలో పాటలకు బదులు తుమ్ములే. ఊరి చివర అద్దె షెడ్డు చూసుకోండి.

బ్యాంకు దగ్గర మూడు సంగతులు. పది లక్షల లోపు లోనుకు ఇల్లు తాకట్టు అడగకూడదని ఆర్‌బీఐ నిబంధన, తాకట్టు లేని చిన్న లోన్లకు పూచీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ ఉందని మీరే గుర్తు చేయాలి. యంత్రాల కొటేషన్ జీఎస్‌టీ నంబరున్న వ్యాపారి నుంచే తేవాలి, డబ్బు నేరుగా వాళ్ల ఖాతాకే పోతుంది కాబట్టి "నగదిస్తే తగ్గిస్తా" అనేవాడితో పని జరగదు. మూడోది, సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. ఆ మేరకు లోను మీద వడ్డీ వేయకూడదు. పాసుబుక్కు తీసి లెక్క చూసుకోండి, వేసే బ్రాంచీలున్నాయి. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీ చేశాకే అసల్లోకి జమ చేస్తారు.

వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనడానికీ రోజువారీ ఖర్చులకూ ఇచ్చే అప్పు, అవసరానికి మించి రాయించకండి. మూడేళ్లలో ఒక్కసారైనా ఆ పరిమితిని పూర్తిగా వాడాలి, సగటున 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి తీసుకుంటారు. మిర్చి దిగుబడి వచ్చే నెలల్లో కొని నిల్వ పెడితే ఆ షరతు తేలిగ్గా తీరిపోతుంది. అమ్మకం మాత్రం సంఘం సభ్యులకు అరువు మీద మొదలుపెట్టకండి. ఆరాధన అయ్యాక అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి వాళ్లకు మరుపు. కిరాణా కొట్లకు నగదు మీద వేయండి.