అమ్మ డబ్బు ఇచ్చేముందు నేను అడిగిన లెక్కలు

అమ్మ పోయాక బ్యాంకు కాగితాలు సర్దుతుంటే ఒక ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు వెనకాల పెన్సిల్‌తో "పిల్లల ఆశ్రమానికి" అని రాసి ఉంది. 2,40,000 రూపాయలు. ఏ ఆశ్రమమో రాయలేదు. నాన్న సంవత్సరీకానికి ఏటా ఎక్కడో ఒకచోట పిల్లలకి భోజనాలు పెట్టించేది, ఒక ఏడాది గుంటూరులో, ఇంకో ఏడాది తెనాలిలో, అందుకే ఫలానా చోటని మాకూ తెలీదు. డాలస్‌లో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేకపోయాడు, తర్వాత నేనూ అంతే కలుపుతానే అన్నాడు. ఇది 2023 నవంబరు సంగతి. చెక్కు ఇచ్చేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది. ఇన్ని నెలలు ఎందుకు పట్టిందో రాస్తే ఇలాగే ఇవ్వాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదట వెళ్లింది మా వైపు అందరికీ తెలిసిన ఒక హోమ్‌కి. వాళ్ల వీడియోలు నేనూ చూసి ఏడ్చినదాన్నే. ఒక్కో పిల్ల ముఖం దగ్గరగా చూపించి పేరు చెప్పి, వాళ్ల నాన్న తాగి ఏం చేశాడు, అమ్మ ఎలా చనిపోయింది అన్నీ చెప్తారు, కింద ఫోన్‌పే నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌కి రూపాయి వేసి చూస్తే సంస్థ పేరు రాలేదు, నడిపే ఆయన సొంత పేరు వచ్చింది. అప్పుడు మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది కానీ చిన్న సంస్థ కదా, కరెంట్ అకౌంట్ లేదేమోలే అనుకున్నా. ఎదురుగా కూర్చుని ఆడిట్ రిపోర్ట్ ఒకసారి చూడొచ్చా సార్ అని అడిగితే ఆయన కోప్పడలేదు, చాలా మెత్తగా "హుండీలో వేసి దేవుణ్ణి లెక్క అడుగుతామా మేడమ్" అన్నారు. నాకు సిగ్గనిపించింది, నిజంగా. ఇంటికొచ్చి రాత్రంతా అదే ఆలోచన, అమ్మ పేరు మీద ఇచ్చేటప్పుడు ఇలా అనుమానపడొచ్చా అని. తెల్లారాక అనిపించింది, తిరుమల హుండీ డబ్బు కూడా పరకామణిలో మనుషులు కూర్చుని లెక్కపెడతారు కదా, భక్తి తక్కువై కాదు కదా అని. ఆ మాటతోనే ధైర్యం వచ్చి మళ్లీ అడిగాను.

నాకు అకౌంట్స్ ఏమీ రావు, నేను బోటనీ చెప్తాను. మా కొలీగ్ వాళ్లాయన సీఏ, ఆయన దగ్గర రెండు ఆదివారాలు కూర్చున్నా. ఆయన చెప్పిన మొదటి మాట, రిజిస్ట్రేషన్ ఉందా అంటే అందరూ ఉందంటారమ్మా, ఏ రిజిస్ట్రేషన్ అని అడగండి అని. సొసైటీ అయితే మన దగ్గర 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది, ట్రస్ట్ అయితే ట్రస్ట్ డీడ్ ఉంటుంది, సెక్షన్ 8 కంపెనీ (లాభం కోసం కాకుండా సేవకి పెట్టే కంపెనీ) అయితే లెక్కలు కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఉంటాయి. అది సంస్థ పుట్టిందనడానికి సర్టిఫికెట్, అంతే. తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (ఇచ్చినవాళ్లకి పన్ను తగ్గింపు), 1961 చట్టంలో సెక్షన్లు. ఇవి ఒకప్పటిలా ఒకసారి తీసుకుంటే ఎప్పటికీ ఉండేవి కావు, 2021 ఏప్రిల్ నుంచి పాతవాళ్లు కూడా మళ్లీ అప్లై చేసుకుని గడువు తీరేలోపు రెన్యువల్ చేయించుకోవాలి, కొత్తవాళ్లకి ముందు మూడేళ్ల ప్రొవిజనల్. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబర్ చూపించి మాకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందని చెప్పేవాళ్లు ఉంటారు, అది పేరు నమోదు మాత్రమే, బాగా నడుస్తోందని ఎవరూ తనిఖీ చేసి ఇచ్చింది కాదు. కానీ అందులో కమిటీ సభ్యుల పేర్లు ఉంటాయి, అది పనికొస్తుంది.

నాకు అక్కడే తెలిసింది, ఆ మొదటి హోమ్‌లో ట్రస్టీలు ముగ్గురే. ఆయన, ఆయన భార్య, బావమరిది. బంధువులు ఉండటం నేరమేమీ కాదు, చాలా మంచి సంస్థలు ఇంట్లోవాళ్లతోనే మొదలవుతాయి. కానీ ఆయన తీసుకున్న నిర్ణయం తప్పైతే వద్దు అని చెప్పే మనిషి ఆ గదిలో ఎవరున్నారు? రెండు వారాలకి ఒక ఆడిట్ రిపోర్ట్ ఫొటో తీసి పంపారు, అందులో అద్దె ఖర్చు పెద్దగా ఉంది, బిల్డింగ్ ఎవరిదండీ అంటే ఆయన భార్య పేరు మీదే ఉందట. సీఏ గారు సంతకం కింద చూసి యూడిన్ ఏది అన్నారు. 2019 జులై నుంచి సీఏలు చేసే ప్రతి ఆడిట్‌కీ అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే నంబర్ ఒకటి వేయాలట, సీఏల సంస్థ ఐసీఏఐ వాళ్ల సైట్‌లో ఆ నంబర్ కొడితే ఆ రిపోర్ట్ నిజంగా ఆ సీఏ ఇచ్చిందో కాదో ఎవరైనా చూసుకోవచ్చు, డబ్బులు అక్కర్లేదు, రెండు నిమిషాల పని. వీళ్ల కాగితం మీద అసలు నంబరే లేదు.

అన్నయ్య డబ్బు విషయంలో ఇంకోటి బయటపడింది. అన్నయ్యకి అమెరికా పౌరసత్వం వచ్చింది. మన పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు, కానీ పౌరసత్వం మారితే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చేది) ఉన్నా విదేశీ సొమ్మే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో ఉండే ఖాతాలోకే. ఇది చెప్తే ఆ మొదటి హోమ్ నడిపే ఆయన "మీ అన్నయ్యగారిని మీ అకౌంట్‌లోకి వేయమనండి, మీరు మాకు వేసేయండి, ఎవరు చూస్తారు" అన్నారు. ఇక అక్కడికి వెళ్లలేదు. ఆయన పిల్లల డబ్బు తినేశారని నేను అనట్లేదు, నాకు తెలీదు. తెలుసుకునే దారి లేదు అన్నదే నా బాధ.

రెండో చోటు ఊరికి కాస్త దూరంగా, ఆడపిల్లల హోమ్, పాత పెంకుటింటికి ఆనుకుని కట్టిన రెండంతస్తుల బిల్డింగ్. నడిపే సెక్రటరీ గారు రిటైర్డ్ టీచర్. గేటు దగ్గరే రిజిస్టర్‌లో సంతకం పెట్టించి ఫోన్ అక్కడే పెట్టమన్నారు, పిల్లల గదుల్లోకి పంపలేదు. నాకు కొంచెం మనసు నొచ్చుకుంది, అమ్మ ఎన్నిసార్లు పిల్లల పక్కన కూర్చుని వడ్డించిందో. ఆవిడ కూర్చోబెట్టి చెప్పారు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఈ పిల్లల ఫొటో, పేరు, స్కూలు పేరు, ఏదీ బయటకి పోకూడదమ్మా, పోతే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అని. ఆ క్షణంలో ఆ మొదటి హోమ్ వీడియోలో చూసిన పాప గుర్తొచ్చింది. దాని పేరు, వాళ్ల నాన్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తు, రేపు అది పెళ్లీడుకొచ్చినప్పుడు కూడా ఆ వీడియో ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటుంది.

డబ్బు లెక్క కంటే ముందు చూడాల్సింది ఇదీ అని నాకు అక్కడే తెలిసొచ్చింది. పిల్లల్ని ఉంచుకునే ఏ హోమ్ అయినా అదే చట్టం 41వ సెక్షన్ కింద విడిగా రిజిస్టర్ కావాలి, సొసైటీ కాగితం, 80జీ దానికి బదులు కావు. ప్రతి పిల్లా బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ మీదే అక్కడ ఉండాలి, ఎవరో తెచ్చి వదిలేస్తే ఉంచేసుకోవడం కుదరదు, 24 గంటల్లో కమిటీకి చూపించాలి. జిల్లా తనిఖీ కమిటీ మూడు నెలలకోసారైనా రావాలి, కనీసం ముగ్గురు, అందులో ఒక మహిళ, ఒక డాక్టర్. పిల్లల ఫైళ్లు నాకు చూపించరు, చూపించకూడదు కూడా, కానీ సర్టిఫికెట్, తనిఖీ వాళ్లు వచ్చి వెళ్లిన తేదీలు చూపించారు. నేను జిల్లా బాలల సంరక్షణ విభాగం ఆఫీసుకి వెళ్లి కూడా అడిగా, రిజిస్ట్రేషన్ ఉంది, 50 మందికి అనుమతి అని చెప్పారు. హోమ్‌లో ఉన్నది 34 మంది. అందులో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లు తొమ్మిది మందేనట. మనం నోటికి అలవాటై అనాథాశ్రమం అనేస్తాం కానీ చాలామందికి అమ్మ ఉంటుంది, ఇంటి దగ్గర ఉండే పరిస్థితి ఉండదు, అంతే. పోయిన ఏడాది ఎంతమంది ఇళ్లకి తిరిగి వెళ్లారు అని అడిగితే ఆవిడ చూడకుండా చెప్పారు, ఆరుగురు అని.

మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు కవర్‌లో పెట్టి ఇచ్చారు, అడిగిన వారానికే. యూడిన్ కొడితే మూడూ వచ్చాయి. ఏడుగురు కమిటీ, అందులో ఒక పిల్లల డాక్టర్, ఒక రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్, చెక్కుల మీద ఇద్దరి సంతకం, మీటింగ్ మినిట్స్ పుస్తకం చేత్తో రాసి ఉంది. అన్నీ బాగున్నాయని కాదు. ఒక ఏడాది "ఇతర ఖర్చులు" 3,10,000 ఉంది, మొత్తంలో చూస్తే ఎక్కువే. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి వోచర్ల ఫైల్ తెచ్చారు, బోరు ఎండిపోయి మళ్లీ వేయించింది, మోటారు, బాత్రూముల రిపేర్లు, అన్నిటికీ బిల్లులు ఉన్నాయి, ఒక్క మేస్త్రీ కూలికి చేత్తో రాసిన రసీదు. విడిగా పద్దు రాయాల్సిందమ్మా, మా అకౌంటెంట్ కలిపేశాడు, నేను చూసుకోలేదు అన్నారు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

నేను తప్పుగా అనుకుంటున్న ఇంకో విషయం జీతాలు. జీతాలకి ఎక్కువ పోతోందంటే మన డబ్బు పిల్లలకి చేరట్లేదని అనుకునేదాన్ని. పరిపాలన ఖర్చుకి హద్దు ఉండాలి నిజమే, విదేశీ విరాళాల మీద 2020 సవరణలో 50 శాతం ఉన్నదాన్ని 20కి తగ్గించారు కూడా. కానీ పిల్లల హోమ్‌లో హౌస్ మదర్ జీతం పరిపాలన ఖర్చు ఎలా అవుతుంది? రాత్రి రెండింటికి జ్వరంతో లేచిన పిల్లకి నీళ్లిచ్చేది ఆవిడే కదా. మనమందరం బియ్యం బస్తాలు, పుట్టినరోజు కేకులు, బిర్యానీలు ఇస్తాం, ఆదివారాలు అయితే ముగ్గురు దాతలు వస్తారట ఒకే పూట, కౌన్సెలర్‌కి జీతం ఇస్తామనేవాళ్లు మాత్రం ఎవరూ రారు. వాళ్లకి ఎనిమిది నెలలుగా కౌన్సెలర్ లేదు. నెలకి 20,000 ఇస్తే వచ్చే అమ్మాయి ఉంది. పన్నెండు నెలలకి 2,40,000. సెక్రటరీ గారు ఆ అంకె చెప్పగానే నాకు నోట మాట రాలేదు.

అన్నయ్య డబ్బు గురించి ఆవిడ ఒకటే మాట, "మాకు ఎఫ్‌సీఆర్‌ఏ లేదమ్మా, ఆయన అక్కడి పౌరుడైతే మేం రూపాయి కూడా ముట్టుకోకూడదు". అన్నయ్య తన వాటా ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న వేరే సంస్థకి పంపాడు, వాళ్లు ఏటా హోంశాఖకి వేసే ఎఫ్‌సీ-4 రిటర్న్ (విదేశీ విరాళాల లెక్క) తనే చదువుకుని మరీ.

నేను 2024 ఏప్రిల్‌లో సగం, అక్టోబర్‌లో సగం చెక్కుగా ఇచ్చా. నగదు వద్దు, 2,000 దాటి నగదు ఇస్తే 80జీ రాదు. కార్పస్ కింద వేయమంటారా అని అడిగారు, అంటే మూలనిధిలా ఉండిపోతుంది, వద్దు, ఈ ఏడాదే కౌన్సెలర్ జీతానికి వాడండి అని లెటర్ రాసిచ్చా. ఒక సంగతి చెప్పాలి, కొత్త ట్యాక్స్ పద్ధతిలో ఉంటే 80జీ తగ్గింపు రాదు, అయినా ఆ సర్టిఫికెట్ (ఫారం 10బీఈ) అడగండి, ఎందుకంటే అది రావాలంటే సంస్థ మీ పాన్‌తో, మీరిచ్చిన మొత్తంతో ఇన్‌కమ్ ట్యాక్స్‌కి 10బీడీ అనే విరాళాల లెక్క వేయాలి, అంటే మీ డబ్బు వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కిందనడానికి అదొక సాక్ష్యం. గడువు మే 31. నాకు 2025 మే నెలలో వచ్చింది, సరిగ్గా 2,40,000కి.

మొన్న అక్టోబర్‌లో ఆడిట్ రిపోర్ట్ పోస్టులో వచ్చింది, ఈసారి నేను అడగలేదు. జీతాల పద్దులో నాలుగో లైను, కౌన్సెలర్, 2,40,000. ఫొటో తీసి అన్నయ్యకి పంపా. మరి ఈ ఏడాది ఆ అమ్మాయి జీతం ఎవరిస్తున్నారే అని అడిగాడు. ఏప్రిల్ నుంచి నెలకి ఐదువేలు నేను వేస్తున్నా, ఐదువేలు ఆ బ్యాంక్ మేనేజర్ గారు, మిగతా పదివేల కోసం సెక్రటరీ గారు ఆదివారం బిర్యానీ పెట్టించడానికి వచ్చేవాళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతున్నారు.