మీసం తీసేసిన నెల

మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. తలసేమియా మేజర్. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజు దగ్గర పడేకొద్దీ పిల్ల మొహం పాలిపోతుంది, నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతుంది. ఇన్నేళ్ళుగా ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి, అది గుండెనీ కాలేయాన్నీ పాడు చెయ్యకుండా రోజూ పరగడుపున మాత్ర వెయ్యాలి. అక్క స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, మాత్ర వేసి చెంచాతో కలుపుతుంది. సుద్ద కలిపినట్టు తెల్లగా అవుతుంది. పిల్ల ముక్కు మూసుకుని గటగటా తాగేస్తుంది. అడుగున మిగిలిన తెల్ల పొడిలో అక్క మళ్ళీ కాసిని నీళ్ళు పోసి, "ఇదీ తాగెయ్ తల్లీ" అంటుంది. ఆ రెండో గుక్క దగ్గరే దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

హైదరాబాద్ శివరాంపల్లిలో ఇలాంటి పిల్లలకి రక్తం ఎక్కించే తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. 1998లో మొదలైంది. పోయిన ఏప్రిల్‌లో పిల్లని తీసుకుని అక్కతో పాటు నేనూ వెళ్ళాను. తెల్లవారుజామునే బస్సెక్కి జిల్లాల నుంచి వచ్చిన తల్లులు ఎంతమందో! బావకి ఉద్యోగం ఉంది, మా వాళ్ళు ఎలాగో నెట్టుకొస్తున్నారు. వీళ్ళ సంగతేంటి అనిపించింది. ఆ రాత్రే డబ్బు పోగు చెయ్యాలని నిర్ణయించుకున్నాను.

ఉత్తినే అడిగితే ఒకసారి ఇస్తారు, రెండోసారి ఫోన్ ఎత్తరు. 2014లో విరాళాల కోసం ప్రపంచమంతా నెత్తిన ఐసు నీళ్ళు పోసుకుంటుంటే, మన హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్నే రైస్ బకెట్ చాలెంజ్‌గా మార్చారు. లేనివాళ్ళకి ఒక బకెట్ బియ్యం ఇచ్చి, ఫొటో పెట్టి, ఇంకొకరిని ఇవ్వమనడం. అప్పుడు నేనూ ఒక బకెట్ ఇచ్చాను. అది గుర్తొచ్చి ఆఫీసు వాళ్ళకీ, కాలేజీ స్నేహితులకీ వాట్సాప్‌లో పెట్టాను: మీరు డబ్బు కట్టండి, నాకు సిగ్గేసే పని ఏదైనా చెప్పండి, చేస్తాను.

పిల్ల ఫొటో మాత్రం పెట్టలేదు. పెడితే ఎక్కువ వస్తుందని చాలామంది చెప్పారు. వస్తుందేమో. కానీ రేపు దాని క్లాసు పిల్లలు ఆ ఫొటో చూస్తే? సిగ్గుపడాల్సింది నేను, అది కాదు.

మొదటి వారం టెన్షన్‌తోనే గడిచింది. ముప్పై దాకా డేర్‌లు వచ్చాయి. చార్మినార్ దగ్గర బిచ్చగాడిలా కూర్చోమని ఒకరు, చీర కట్టుకుని సిటీ బస్సెక్కమని ఇంకొకరు. రెండూ వద్దన్నాను. అడుక్కుని బతికేవాళ్ళని, చీర కట్టుకున్నందుకే రోజూ వెక్కిరింపులు పడేవాళ్ళని చూసి నవ్వుకోవడానికి నేను డబ్బు తీసుకోలేను. ముక్కూమొహం తెలియనివాళ్ళని భయపెట్టే ప్రాంక్‌లూ వద్దన్నాను.

స్కూలు నిక్కరు, టై, వాటర్ బాటిల్‌తో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో వెళ్ళాను. ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం పక్కన నిలబడి, శ్రుతి లేని నా గొంతుతో పావుగంట పద్యాలు పాడాను. పాడేటప్పుడు కాళ్ళు వణికాయి కానీ, రెండో పద్యానికి ఓ పెద్దాయన వచ్చి నాతో గొంతు కలిపారు.

ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను. మెట్రో డేర్‌కి మాట ఇచ్చినవాళ్ళలో సగం మంది తర్వాత కట్టలేదు. "రేపు పంపిస్తా" అన్న రేపు రానే లేదు. అప్పటి నుంచి డబ్బు పడ్డాకే పని. ఇలాంటిది తలపెట్టేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. రెండోది, డబ్బు మన ఖాతాలోకి రానివ్వొద్దు. నేరుగా సంస్థ ఖాతాకే వెయ్యమని, రసీదు ఫొటో మాత్రం నాకు పంపమన్నాను. పన్ను మినహాయింపు కావాల్సినవాళ్ళు పాన్ నంబరు సంస్థకి ఇవ్వాలి. నగదు 2,000 దాటితే అది వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపే లేదు. ఇవన్నీ ముందే చెప్పేస్తే తర్వాత మాట రాదు.

పెద్ద డేర్ చివర వచ్చింది. నలుగురు కలిసి 20,000 వేస్తాం, మీసం తీసేయమన్నారు.

మా ఇళ్ళల్లో తండ్రి బతికుండగా మీసం తియ్యరు. అమ్మ వినగానే "నోరు ముయ్యరా" అని లేచి వెళ్ళిపోయింది. నాన్న ఏం మాట్లాడలేదు.

అక్కది మేనరికం. బావ మా మేనత్త కొడుకు. పిల్లకి జబ్బు బయటపడ్డాక అందరికీ పరీక్ష చేస్తే అక్క, బావ ఇద్దరూ క్యారియర్లే, అంటే తమకి జబ్బు లేకపోయినా పిల్లలకి అందించగలవాళ్ళు. ఇటు నాన్న, అటు అత్త కూడా. క్యారియర్‌కి తనకంటూ పెద్ద బాధ ఏమీ ఉండదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇద్దరు క్యారియర్లకి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ సంబంధం కుదిర్చింది నాన్నే. ఆ పరీక్ష కాగితం చూసిన రోజు నుంచి ఆయన పిల్ల మాత్ర వేసుకునే వేళకి ఇంట్లో ఉండరు, పాల ప్యాకెట్ అని బయటికి వెళ్ళిపోతారు.

మర్నాడు పొద్దున ఆయనే చొక్కా వేసుకుని వచ్చి "పద" అన్నారు.

సెలూన్‌లో అతను సబ్బు నురగ రాసి, బ్లేడు మార్చి, మీసం దగ్గర చెయ్యి ఆపేశాడు. "అన్నా, నాయిన మంచిగున్నడు గదా?" అన్నాడు మెల్లగా. వెనక బెంచీ మీద నుంచి నాన్న "నేనే నాయనని. బాగానే ఉన్నా. నువ్వు గియ్యి" అన్నారు. అద్దంలో ఆయన మొహం కనబడుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆఫీసులో ఆ రోజు నేను అనుకోనిది జరిగింది. విషయం తెలియనివాళ్ళు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఎప్పుడు జరిగింది? నాన్నగారేనా?" అని అడగడం మొదలుపెట్టారు. గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పాను: నాన్న బాగున్నారు, మా పిల్ల కోసం తీశాను, తలసేమియా అంటే ఇది, పెళ్ళికి ముందు హెచ్‌బీఏ2 రక్తపరీక్ష ఒక్కటి చేయించుకుంటే క్యారియరో కాదో తెలిసిపోతుంది అని. ఆగస్టులో పెళ్ళి ఉన్న మా టీమ్ అమ్మాయి, తన కాబోయే భర్తని తీసుకెళ్ళి ఆ వారమే పరీక్ష చేయించుకుంది. వచ్చిన డబ్బంతా ఒక ఎత్తు, నాకు అదొక్కటీ ఒక ఎత్తు.

మే నెలాఖరుకి రసీదులన్నీ కూడితే 71,500 అయింది. నలభై మూడు మంది ఇచ్చారు.

తర్వాతిసారి రక్తం ఎక్కించేటప్పుడు నాన్న కూడా వచ్చారు. చేతికి సూది ఉన్నా పిల్ల రెండో చెయ్యి చాపి నా పెదవి పైన వేలితో రాసి చూసింది.

"మామయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"మూడు వారాలు పడుతుందిరా."

"అయితే మళ్ళీ ఇక్కడికొచ్చినప్పుడు చూస్తా" అంది. నాన్న లేచి దాని మంచం పక్కకి కుర్చీ జరుపుకున్నారు. సంచి పూర్తిగా ఎక్కేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.