డిస్కులు బెండ్ అయ్యాయన్నారు

మాది 2010 స్విఫ్ట్, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) లేని పెట్రోల్ మోడల్. ఊళ్లో తిరిగినంతసేపూ బుద్ధిగానే ఉండేది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 దాటాక బ్రేక్ తొక్కితే మాత్రం స్టీరింగ్ గజగజ వణికేది, పెడల్ పాదాన్ని వెనక్కి తన్నేది. స్పీడు 40కి దిగేసరికి అంతా మామూలే. శ్రీశైలం వెళ్లొచ్చాక ఇది మరీ ముదిరింది. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా దిగే ఘాట్‌లో బ్రేకుల మీద ఎంత భారం పడుతుందో ఆ దారిన పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అడిగినవాళ్లందరూ వీల్ బ్యాలెన్సింగ్ అన్నారు. బ్యాలెన్సింగ్ తేడా అయితే బ్రేక్ తొక్కినా తొక్కకపోయినా ఏదో ఒక స్పీడులో ఊగాలి కదా. ఇది బ్రేక్ వేస్తేనే. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులేమోనని ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగి చూశాను. హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పడుతుంది. కుదుపు లేదు. తేడా ముందు చక్రాల్లోనే అని తేలిపోయింది. అక్కడ ఉండేవి డిస్కు బ్రేకులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కి ఆపుతాయి.

ఇంటి దగ్గరి పెద్ద వర్క్‌షాపులో బండిని ఒక రౌండ్ తిప్పుకొచ్చి, "డిస్కులు బెండ్ అయినయ్ సార్, రెండూ మార్చాలె. బేరింగులు కూడా ఏసేద్దాం" అని పదకొండు వేలకు ఎస్టిమేట్ రాసిచ్చారు. చక్రం విప్పింది లేదు, కొలిచింది లేదు. ఎందుకు బెండ్ అయినట్టు అని అడిగితే, "పాత బండి కదా సార్" అన్నాడు సూపర్‌వైజర్. నాకు ఒళ్లు మండింది. పాతబడటం కారణమెలా అవుతుంది? అసలు కారణం దొరక్కుండా కొత్త డిస్కులు వేస్తే వాటికీ అదే రోగం వస్తుంది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని రాణిగంజ్ పోయాను. స్పేర్ పార్టుల దుకాణాల వెనక సందులో ఒక పాత మెకానిక్ ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. డిస్కు ఎంత ఊగుతుందో కొలిచే, మాగ్నెట్ స్టాండ్ ఉన్న డయల్ గేజ్ ఆయన దగ్గర ఉందని తెలిసే వెళ్లాను. "ఇనుము వంగుడు అంత ఈజీ కాదు సార్, ముందు చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ తగ్గింది.

కుడి చక్రం, కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని నొక్కే భాగం) విప్పి, ఖాళీ డిస్కును నట్లతో మళ్లీ హబ్‌కి (చక్రం, డిస్కు కూర్చునే మధ్య భాగానికి) బిగించి, గేజ్ ముల్లును అంచుకి కొంచెం లోపలగా ఆనించి చేత్తో తిప్పాడు. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. ముల్లు 14 గీతలు ఊగింది. మామూలుగా పది దాటకూడదు, ఐదారు లోపు ఉంటే నిశ్చింత. తర్వాత డిస్కు మీద ఉన్న రెండు చిన్న మర రంధ్రాల్లో 8 ఎంఎం బోల్టులు ఎక్కించి, ఇటు కాస్త అటు కాస్త తిప్పుతూ పోతే డిస్కు టక్కున ఊడొచ్చింది. దాని వెనకున్న హబ్ ముఖం మీద తుప్పు పొలుసులు కట్టి ఉంది. వైర్ బ్రష్, ఎమరీ పేపర్ పెట్టి తెల్లగా మెరిసేదాకా రుద్దించాడు. మళ్లీ బిగిస్తే 9. డిస్కును ఒక స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) పక్కకి జరిపి బిగిస్తే 6. ఒక్క పార్టు కొనకుండానే!

ఎడమ వైపు కథ వేరు. అక్కడ హబ్ శుభ్రంగానే ఉంది, కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కింది పిన్ను మాత్రం పట్టేసింది. లోపలి ప్యాడ్ దాదాపు అయిపోయింది, బయటిది సగానికి పైగా మిగిలింది. పిన్ను కదలకపోతే బ్రేక్ వదిలినా ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. వేడికి ప్యాడ్ మసాలా అక్కడక్కడ డిస్కుకి అంటుకుంటుంది, అరుగుదల హెచ్చుతగ్గులవుతుంది. మైక్రోమీటరుతో చుట్టూ కొలిస్తే మందంలో మిల్లీమీటరులో మూడు నూరో వంతుల తేడా కనబడింది. ఆ మాత్రం చాలట, పెడల్ తన్నడానికి.

ఈ తేడా తుడిస్తే పోయేది కాదు, లేత్ (తిప్పుతూ పైపొర కోసి చదును చేసే యంత్రం) ఎక్కించాల్సిందే. డిస్కు అంచు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, అంతకంటే పల్చబడితే లేత్ మాట ఎత్తకూడదు. మా వాటికి ఇంకా అవకాశం ఉంది. రెండు వైపులా బ్రేక్ ఒకేలా పట్టాలని జతగా చేయించమన్నాడు భాయ్. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో ఇచ్చాను. అక్కడ నేను పట్టుబట్టింది ఒక్కటే: డిస్కు కూర్చునే లోపలి ముఖం తుడవకుండా చక్‌కి (లేత్ మీద డిస్కును పట్టుకునే భాగానికి) ఎక్కించొద్దని. అది వంకరగా కూర్చుంటే కోత కూడా వంకరే. కుర్రవాడు నన్ను ఎగాదిగా చూశాడు గానీ తుడిచాడు.

కొత్త ప్యాడ్లు వేయించాను. పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టించాను, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు బూటు ఉబ్బిపోతుంది. పనిలో పనిగా బ్రేక్ ఆయిల్ కూడా మార్పించాను. చక్రం నట్లు ఎదురెదురుగా, అన్నిటికీ ఒకే బిగువు వచ్చేలా టార్క్ రెంచ్‌తో బిగించాడు భాయ్. గాలి గన్నుతో ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లాగేస్తే డిస్కు మళ్లీ వంకరగా కూర్చుంటుంది.

మర్నాడు తెల్లవారకముందే ఔటర్ సర్వీస్ రోడ్డు ఎక్కి, కొత్త ప్యాడ్లు డిస్కులకు అలవాటు పడాలని 60 నుంచి 15 దాకా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పది సార్లు బ్రేక్ వేశాను. తర్వాత బ్రేక్ జోలికి పోకుండా కొంత దూరం నడిపి చల్లారనిచ్చాను. వేడి మీద పెడల్ నొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది. ఆ తర్వాత 90లో తొక్కి చూశాను. స్టీరింగ్ కదల్లేదు.

మొత్తం ఖర్చు ఆ ఎస్టిమేట్‌లో సగం కూడా కాలేదు. ఎడమ డిస్కు మాత్రం ఇప్పుడు కనీస మందానికి దగ్గర్లో ఉంది, ఇంకోసారి లేత్ ఎక్కదు. ఈ ప్యాడ్లు అరిగాక డిస్కుల జత కొత్తదే వేయించాలి. రాణిగంజ్‌లో ధర కనుక్కుని పెట్టుకున్నాను.