నాందేడ్‌లో ఒక తెల్లవారుజాము

ఈ ఉదయం నాందేడ్‌లోని సిక్కుల గురుద్వారా హజూర్ సాహిబ్‌లో కూర్చుని చాలాసేపు కదల్లేకపోయాను.

1708లో సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ కన్నుమూసిన ఊరు ఇది. తన తర్వాత ఇక మనిషి గురువు ఉండడని, సిక్కుల పవిత్ర గ్రంథమైన గ్రంథ్ సాహిబే గురువని ఆయన చెప్పింది కూడా ఇక్కడే. చితి పేర్చిన చోటునే అంగీఠా సాహిబ్ అంటారు. ఇప్పటి కట్టడమంతా ఆ చిన్న గది చుట్టూ లేచింది. గోడలకు బంగారు రేకులు. లోపల గురువు ఆయుధాలు. భక్తులం గడప దాటం, బయటి నుంచే దండం. నాకు అది లోటనిపించలేదు. ఆ కాస్త దూరమే నన్ను ఎక్కువ కదిలించింది.

పంజాబ్‌ను ఏలే మహారాజా రంజిత్ సింగ్ ఎక్కడో లాహోర్‌లో ఉండి, నిజాం రాజ్యంలోని ఈ ఊళ్లో 1832 నుంచి 1837 దాకా దీన్ని కట్టించాడు. రెండంతస్తులు, పైన బంగారు గుమ్మటం. అమృత్‌సర్ గుడిలా కొలను మధ్యలో ఉండదు. ఇక్కడి నీళ్లు గోదావరివి. రోజూ నది నుంచి బిందెతో తెచ్చి వాడతారు.

అదే గోదావరి కిందికి పారి మన కందకుర్తి, బాసర చేరుతుంది. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఇంత దగ్గరగా ఉండి, ఇన్నేళ్లు రాలేదే అని బాధేసింది.

లంగరులో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, పక్కన కూర్చున్న పెద్దాయన నా పళ్లెంలో ఇంకో రొట్టె వేయించారు. వచ్చేసారి అమ్మను తీసుకొస్తాను.