పల్లవి కాగానే ఆగిపోయే పాటలు

ఆదివారం, వడపళని

కిందటి వారం తెప్పించుకున్న నాలుగు రికార్డులూ ఇవాళ తీరిగ్గా విన్నాను. పొద్దుటినుంచి ముసురు, బయటికి వెళ్లే పనేమీ లేదు. మద్రాసులో రికార్డులు కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఈ తేమకు అట్టలు ఉబ్బుతాయి, అంచుల మీద బూజు తెల్లటి పొడిలా లేస్తుంది. ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడుస్తూ ఉంటే, “వినడానికి కొన్నావా, తుడవడానికా?” అన్నారు మా ఆయన. ధర అడగలేదు, అదే పదివేలు.

ముందు వైర్ అనే బ్యాండు వాళ్ల ‘పింక్ ఫ్లాగ్’ వేశాను. 1977 నాటి లండన్ పంక్, అంటే నగిషీలు లేని మొరటు రాక్ సంగీతం. 35 నిమిషాల్లో 21 పాటలు! కొన్నయితే అర నిమిషంలో అయిపోతాయి. పల్లవి అందుకుంటారు, చరణం కోసం మనం సర్దుకుని కూర్చునేలోపు పాటే ఉండదు. పంక్ అనగానే అందరూ కోపం గురించి మాట్లాడతారు కానీ ఈ రికార్డులో నాకు కోపం పెద్దగా వినిపించలేదు. చెప్పవలసింది చెప్పేశాక ఒక్క క్షణం కూడా నిలబడకపోవడం, అదీ వీళ్ల పొగరు.

పైవాటాలో ఉండే మాస్టారు మెట్లు దిగుతూ ఆగారు. ఆయన ఒకప్పుడు ఇక్కడి స్టూడియోల్లో తెలుగు సినిమా పాటలకు వయొలిన్ వాయించినవారు. “ఏమ్మా, రికార్డు అరిగిపోయిందా? పాటలు మధ్యలో తెగిపోతున్నాయి” అన్నారు. కొత్తదేనండీ, వాళ్లు పాడిందే అంత అని చెప్పి లోపలికి పిలిచాను. కుర్చీలో కూర్చుని అట్ట మీది గులాబీ జెండాను తిప్పితిప్పి చూశారు. “మా ముందుతరం వాళ్లకు, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూ పట్టేది. ఇమడకపోతే చరణం తీసేసేవారు, లేదా పాటను రెండు వైపులకూ పంచేవారు. వీళ్లను ఎవరు కోయమన్నారు?” ఎవరూ అనలేదు మాస్టారూ, అందుకే నచ్చింది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

వయొలిన్ ఉంది కదా అని తరవాత రెయిన్‌కోట్స్ మొదటి రికార్డు వేశాను. 1979లో వచ్చింది. లండన్‌లో ఒక ఆర్ట్ కాలేజీలో మొదలైన బ్యాండు, ఈ రికార్డు నాటికి నలుగురూ ఆడవాళ్లే. వయొలిన్ వాయించే విక్కీ ఆస్పినాల్ మాత్రం శాస్త్రీయంగా నేర్చుకున్న మనిషి. మాస్టారు కళ్లు మూసుకుని రెండు పాటలు విని, “ఈ అమ్మాయికి వాయించడం వచ్చు. రానట్టు వాయిస్తోంది” అన్నారు. అది మెచ్చుకోలు కాదు. వాద్యబృందంలో ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి వాయించవలసిన రోజుల్లో పనిచేసిన మనిషి, ఆయన అలా అనడం న్యాయమే. నాకు మాత్రం ఆ గీరుడు లేకపోతే ఈ పాటలు సగానికి సగం చప్పబడతాయనిపించింది. గొంతులు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఉంటాయి, డ్రమ్ములు తమ దారిన తాము పోతాయి, అయినా పాట కూలిపోదు. నాలుగింటిలో నేను ఎవరికీ అరువివ్వనిది ఇదే.

మాస్టారికి నచ్చింది యంగ్ మార్బుల్ జెయింట్స్. ఇది నేను ఊహించలేదు. ‘కొలోసల్ యూత్’, 1980, కార్డిఫ్ నుంచి వచ్చిన ముగ్గురు. డ్రమ్మరు లేడు, యంత్రం నుంచి పుట్టిన టిక్కుటిక్కు దరువు ఒకటి. బేసు గిటారే రాగం నడిపిస్తుంది, అసలు గిటారు తీగలను చేత్తో అణిచిపెట్టి వాయిస్తారు. ఆలిసన్ స్టాటన్ వంటింట్లో తనలో తాను పాడుకుంటున్నట్టు పాడుతుంది. “ఒక వాయిద్యం ఇంకోదానికి దారి ఇస్తోంది చూడు” అని మళ్లీ వేయించుకున్నారు. ముగ్గురేనని చెబితే నవ్వి, “మా నిర్మాతలు వినివుంటే మా అందరికీ పని పోయేది” అన్నారు. ఊరంతా అరుస్తున్న కాలంలో ఇంత మెల్లగా పాడటానికే ఎక్కువ గుండె కావాలని నా అభిప్రాయం. పూర్తి రికార్డు ఇదొక్కటే చేసి విడిపోయారు.

మాస్టారు భోజనానికి వెళ్లాక మినట్‌మెన్ ‘డబుల్ నికెల్స్ ఆన్ ది డైమ్’ తీశాను. కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రో కుర్రాళ్లు, 1984. రెండు రికార్డులు, నలభైకి పైగా పాటలు. ముగ్గురూ తలా ఒక వైపుకు పాటలు ఎంచుకున్నారట, మిగిలినవాటిని పొట్టు అని పేరుపెట్టి నాలుగో వైపు సర్దారు. ఏరుకునే పద్ధతి ముచ్చటగా ఉంది. కానీ పొట్టును కూడా పారబోయకుండా కొనేవాళ్లకు అమ్మడం ఏమిటి? పాటలు వైర్ వాళ్లవిలాగే చిన్నచిన్నవి, వాళ్లు కోసినవన్నీ వీళ్లు దాచుకున్నారనిపించింది. మూడో వైపుకు చెవులు అలసిపోయాయి. గిటారు వాయించి పాడిన డి. బూన్ ఇది వచ్చిన ఏడాదిన్నరకే, 27 ఏళ్లకు, వ్యాను ప్రమాదంలో పోయాడు. అది తెలిశాక ఎక్కువైందని సణగడానికి మనసొప్పదు, అయినా ఎక్కువే. ఏకబిగిన వినడం నావల్ల కాదు. రేపటినుంచి రోజుకో వైపు వింటాను, డ్రమ్మరు ఏరుకున్న వైపుతో మొదలుపెట్టి.