నాలుగు గదుల డిస్కులో మూడు సిస్టంలు

ఆదివారం పొద్దున్నే తమ్ముడు పాత లాప్‌టాప్ పట్టుకుని హన్మకొండలోని మా ఇంటికొచ్చాడు, విండోస్ పక్కనే ఉబుంటు, ఫెడోరా అనే రెండు లైనక్స్ సిస్టంలూ కావాలట. బ్యాటరీ ఎప్పుడో పోయింది, పార్టిషన్లు, అంటే డిస్కులోని గదులు, జరిపేటప్పుడు కరెంటు పోతే డేటా గోవిందా, అందుకే ఇన్వర్టర్ లైనుకు పెట్టాం.

సీ డ్రైవ్‌లో 60 జీబీ తగ్గించేదాకా బాగానే ఉంది. ఉబుంటు ఇన్‌స్టాలర్ మాత్రం ఆ ఖాళీ జాగాను 'అన్‌యూజబుల్' అంది. "డిస్క్ ఖరాబైందా అన్నా?" అని వాడికి టెన్షన్. అదేం కాదు, డిస్కును గదులుగా పంచే పాత ఎంబీఆర్ పద్ధతిలో ప్రైమరీ (ప్రధాన) పార్టిషన్లు నాలుగే పడతాయి, ఆ నాలుగూ ముందే నిండిపోయాయి. కొత్త పద్ధతి జీపీటీ అయితే విండోస్‌లో 128 దాకా పెట్టుకోవచ్చు. ఇలాంటప్పుడు విండోస్ 'డైనమిక్ డిస్క్‌గా మార్చనా' అని అడుగుతుంది, అది విండోస్ సొంత పద్ధతి, పొరపాటున కూడా ఎస్ కొట్టకండి, లైనక్స్‌తో తలనొప్పి.

డీ డ్రైవ్‌లోని అక్క పెళ్లి ఫొటోలు బయటి డిస్కులోకి కాపీ చేసి, డీ తీసేసి, ఆ జాగా మొత్తాన్ని ఒకే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ చేశాం. దాని లోపల లాజికల్ పార్టిషన్లు అనే చిన్న గదులు చేసుకోవచ్చు, లైనక్స్ వాటి నుంచి హాయిగా బూట్ అవుతుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా) రెండు లైనక్స్‌లకీ ఒక్కటే చాలు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా ఆగకుండా ఉండే పద్ధతి) ఆపేశాం, లేకపోతే లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో రాయనివ్వదు.

సాయంత్రానికి, ఏ సిస్టం తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో మూడు పేర్లూ కనిపించాయి. వాడు మొదట తెరిచింది విండోసే, బయటి డిస్కులో ఫొటోలు ఉన్నాయో లేవో చూడటానికి.